డబ్బిచ్చి పట్టిన మూగనోము

మా ఆయనకూ నాకూ ఆరేళ్లు మాటల్లేవు. ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే కుక్కర్లో వండిన అన్నం తిన్నాం, పెళ్లిళ్లకూ చావులకూ ఒకే బండి మీద వెళ్లొచ్చాం. మాటలు మాత్రం లేవు. మా వైపు ఇదేం వింత కాదు. గట్టు కాడ తగాదాతో అన్నదమ్ములకు మాటలుండవు, పెట్టుపోతల దగ్గర తోడికోడళ్లకు ఉండవు. పక్కింటివాళ్లతో మాటల్లేకపోతే తలుపేసుకుంటే సరి. మొగుడితో లేకపోతే మూడు పూటలా ఆ మనిషికే వడ్డించాలి.

మా అమ్మది వెలిగండ్ల దగ్గర పల్లె. ఒకరోజు పొద్దున్నే మా తమ్ముడు ఫోన్ చేసి, అమ్మకు బాగా లేదు, వెంటనే రమ్మన్నాడు. మా ఆయన కరెంటు డిపార్ట్‌మెంటు. ఆ రోజు ఎక్కడో లైను తెగింది, ఈ పూట కదలడానికి లేదు, రేపు మొదటి బస్సుకు పోదాం అన్నాడు. అమ్మ ఆ సాయంత్రమే పోయింది. శవం దగ్గర, అందరి ముందూ, మీరు రేపు అనబట్టే నాకు మా అమ్మ చివరి చూపు దక్కలేదని అన్నాను. ఇక మీకూ నాకూ మాటల్లేవని కూడా అన్నాను.

అసలు సంగతి అది కాదు. మార్కాపురం బజారులో నాకు గాజుల దుకాణం ఉంది. అది రంజాన్ నెల ఆఖరి వారం. ఏడాదంతా ఒకెత్తు, ఆ వారం ఒకెత్తు. దుకాణం ముందు కాలు పెట్టే సందు ఉండదు. ఆయన రాలేకపోతే నేనొక్కదాన్నే బస్సెక్కి పోయి ఉండొచ్చు. ఆయన నన్ను వద్దనలేదు. పైగా, రేపు అన్న మాట చెవిన పడగానే, ఈ పూట బేరం పోదులే అని నాలో ఏ మూలో హమ్మయ్య అనిపించింది. ఇది నాకు తెలుసు, దేవుడికి తెలుసు. తెలియాల్సింది ఆయనకు. ఆరేళ్లుగా ఆ ఒక్క మాట గొంతులోనే ఉండిపోయింది.

మా పాప పెళ్లయ్యేదాకా మా మధ్య రాయబారం అదే నడిపింది. నాయన గ్యాస్ బుక్ చేయమంటున్నాడని నాకు, అమ్మ తినమంటోందని ఆయనకు. అది కర్నూలుకు కాపురానికి పోయాక మాకు దిక్కు లేకపోయింది. అప్పుడు గాలికి చెప్పడం మొదలైంది. నేను ఫ్రిజ్ వైపు తిరిగి, అన్నం చల్లారిపోతోంది, తినేవాళ్లు తినొచ్చు అనేదాన్ని. ఆయన క్యాలెండరు వైపు చూసి, పాలు రాలేదు, తెచ్చుకునేవాళ్లు తెచ్చుకోవచ్చు అనేవాడు. నవ్వుకుంటే నవ్వుకోండి, దాంతోనే సంసారం గడిచింది. రానురాను ఆయన ఆ పాటి మాటలు కూడా తగ్గించేశాడు. నేనేమన్నా ఉలుకూ లేదు, పలుకూ లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు అని ఫ్రిజ్‌తోనే అనేదాన్ని. కోపం అంత ముదిరిందని అనుకున్నాను.

ఆ హోటలు సంగతి తెచ్చింది పాపే. గిద్దలూరు దాటాక, నల్లమల అంచున కొత్తగా కట్టారట. మూడు రోజులుంటే మనసు కుదుటపడుతుందట. మా పెళ్లిరోజుకని తనూ అల్లుడూ కలిసి బుక్ చేసేశారు. అద్దె వింటే నాకు కళ్లు తిరిగాయి. అక్కడ ఎవరూ మాట్లాడకూడదని అల్లుడు మెల్లగా చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడా, మీ ఇద్దరికీ అదేం కష్టం కాదులే అత్తా అని కూడా అన్నాడు. పక్కనున్న పాప కాలు తొక్కిందో గిల్లిందో, ఫోన్లో అబ్బా అని వినపడింది.

నేను ఒప్పుకున్నది వేరే ఆలోచనతో. అక్కడ దుకాణం ఉండదు, టీవీ ఉండదు, వచ్చీపోయే చుట్టాలుండరు. మాట్లాడకూడదని బయట ఎన్ని రాసుకుంటే ఏం, గది తలుపు వేసుకున్నాక ఎవరొచ్చి వింటారు? చెప్పేస్తాను, ఆయన తిడితే పడతాను అనుకున్నాను. కారులో బేస్తవారిపేట దాటేదాకా ఎక్కడ మొదలుపెట్టాలా అని మనసులో వరస పెట్టుకుంటూనే ఉన్నాను.

పేరు గొప్ప, ఊరు దిబ్బ. గేటు దగ్గరే ఫోన్లు తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేశారు. తెల్ల బట్టలేసుకున్న మేనేజరు ఒక బోర్డు చూపించాడు. మాట్లాడరాదు, రాయరాదు, సైగ చేయరాదు, ఒకరి కళ్లలోకి ఒకరు చూడరాదు. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. ముప్పై ఏళ్లు కరెంటు స్తంభాలెక్కిన మనిషి, బోర్డు దాటినవాడు బతకడని ఆయన నమ్మకం. నేను వేసుకున్న వరస అక్కడే సగం చెడింది.

ఇక భోజనం చూడాలి. మా ఊరి పలకరాయి లేదూ, చిన్నప్పుడు బలపంతో దిద్ది ఉమ్మితో తుడిచినది, దాని మీద రెండు ఇడ్లీలు పెట్టి తెచ్చారు. పచ్చడి చెంచాడు, అందులో కారం లేదు. మార్కాపురం మనిషికి మార్కాపురం రాయి మీద ఉప్పూకారం లేని కూడు పెట్టి, దానికి అంత డబ్బు. చుట్టూ ఉన్న సిటీవాళ్లు కళ్లు మూసుకుని నములుతున్నారు. జనరేటరు మాత్రం పొద్దస్తమానం దడదడలాడుతూనే ఉంది, దానికి ఏ బోర్డూ లేదు.

గదిలో రెండు మంచాలు, ఈ గోడకొకటి, ఆ గోడకొకటి. మొదటి రోజు ఆయన తలుపు లోపల కూడా అంటించి ఉన్న ఆ రూల్సు కాగితం చూసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండో రోజు గొంతు సవరించుకున్నాను. ఆయన కాగితం వైపు వేలు చూపించాడు, సైగ కూడా తప్పే అని గుర్తొచ్చి వెంటనే వేలు ముడుచుకున్నాడు. ఇంట్లో కనీసం ఫ్రిజ్ ఉండేది. ఇక్కడ నా గొంతు నాకే వినపడక రెండు రోజులు. కిటికీ అవతల కొండలు, ఎండిన గడ్డి, దూరంగా ఎవరివో గొర్రెలు. ఆ గొర్రెల కాపరి దేన్నో అదిలిస్తే, మనిషి గొంతు విన్నానన్న సంతోషంతో ఏడుపొచ్చింది. నా పెళ్లయిన ఇన్నేళ్లలో అంత ఒంటరితనం నేనెరగను, పక్క మంచం మీద మొగుడుండగా.

మూడో రోజు సాయంత్రం బయట బండ మీద కూర్చున్నాడు. నేను వెళ్లి కుడివైపు కూర్చున్నాను. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆయన ముఖం చూసే ధైర్యం లేక నా చేతి గాజులు చూసుకుంటూ, మెల్లగా, మొత్తం చెప్పేశాను. దుకాణం సంగతి, ఆ హమ్మయ్య సంగతి, తప్పు నాదేనన్న సంగతి. చెప్పి తలెత్తితే ఆయన కొండల్నే చూస్తున్నాడు. ముఖంలో ఏమీ లేదు. కాసేపటికి టీ కోసం అందరూ లేచి వెళ్తుంటే చూసి, తనూ లేచి వెళ్లిపోయాడు.

నేను అక్కడే కూర్చుండిపోయాను. చెంప మీద కొట్టి ఉన్నా బాగుండేది.

ఆ తర్వాతి ఏడాది ఎట్లా గడిచిందో చెప్పలేను. నేను ఫ్రిజ్‌తో మాట్లాడటం కూడా మానేశాను. కంచంలో వడ్డించి పక్క గదిలోకి వెళ్లిపోయేదాన్ని. దుకాణంలో ఆడవాళ్లు మణికట్టు చాపి ఇంట్లో సంగతులన్నీ చెప్పేవాళ్లు. గాజులెక్కిస్తూ ఊకొట్టేదాన్ని, నాకు మాత్రం చెప్పుకోవడానికి ఇంట్లో ఏ సంగతీ జరిగేది కాదు.

ఒకరోజు ఆయన రోడ్డు దాటుతుంటే కుడిపక్క నుంచి లారీ హారన్ కొడుతూ వచ్చింది. ఆయన తిరిగి చూడలేదు. వెంట్రుకవాసిలో తప్పింది. ఎవరో చెబితే పాప కర్నూలు నుంచి పరిగెత్తుకొచ్చి, మమ్మల్నిద్దరినీ చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగమే పనిచేస్తోంది, ఇది ఇవాళ్టిది కాదు, మూడేళ్లుగా పోతూ వచ్చిందే అన్నాడు డాక్టరు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని గట్టిగా అడిగాడు.

మా ఆయన నేల చూస్తూ చెప్పాడు. "ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు సార్. అందుకే నాకు తెలియలా."

పాప నా వైపు చూసింది. నేను ఎవరి వైపూ చూడలేకపోయాను. బండ మీద నేను చెప్పినదేదీ ఆ మనిషికి అందలేదు. ఫ్రిజ్‌తో నేనన్న శంఖం సామెత గుర్తొచ్చి, నా నోరు పడిపోను అని తిట్టుకున్నాను.

అప్పటికైనా చెప్పొచ్చు కదా అంటారు. ఎట్లా చెప్పను? చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చారు గానీ అది కీచుమంటుందని ఆయన జేబులోనే ఉంచుకుంటాడు. కాబట్టి కేకెయ్యాలి. మా ఇల్లు బజారులో, గోడకు గోడ ఆనుకుని ఉంటుంది. మా అమ్మ చావు సంగతి నేను మార్కాపురంలో కేకేసి చెబితే సాయంత్రానికి కొమరోలు దాకా పోతుంది. ఆరేళ్లు మెల్లగా చెప్పాలని దాచుకున్న మాటలు. ఇప్పుడు మెల్లగా చెబితే వినే చెవి లేదు. మన ఖర్మ కాకపోతే ఏంది ఇది అనిపించింది.

అప్పుడే ఆ హోటలు నుంచి కబురొచ్చింది. జనరేటరు గోల గురించి పాప నెట్లో కడిగిపారేసిందట, ఈసారి రెండు రోజులు పైసా కట్టకుండా ఉండమని పిలిచారు. ఎగిరి గంతేశాను. అడవి, దూరదూరంగా గదులు. గదిలో కేకేసినా ఎవరికీ వినపడదు అనుకున్నాను.

తీరా పోతే మధ్యమధ్యలో కొత్త గదులు లేపారు. మా కిటికీ తెరిస్తే పక్కవాళ్ల కిటికీ. చెప్పులు విప్పేసిన కాపలావాడు ఒకడు గదుల చుట్టూ పిల్లిలా తిరుగుతున్నాడు. మధ్యాహ్నం భోజనాల హాల్లో మళ్లీ అదే పలకరాయి, అవే ఇడ్లీలు. ఎదురుగా మా ఆయన. బుద్ధిమంతుడిలా బోర్డు వైపు ఒకసారి చూసి, తల దించుకుని తింటున్నాడు. ఈ మనిషికి మౌనం పాటించమని బోర్డు ఎందుకు, మూడేళ్లుగా లోకమంతా ఈయనకు మౌనంగానే ఉంది కదా అనిపించింది. నా కోపం నా మీదే తిరిగింది. ఇంకొక్క మెతుకు దిగలేదు.

లేచి నిలబడి, బజారంతా వినపడే గొంతుతో పిలిచాను. "ఏమండీ, పోదాం పదండి."

కళ్లు మూసుకున్నవాళ్లంతా కళ్లు తెరిచారు. మేనేజరు పెదవుల మీద వేలుంచుకుని పరిగెత్తుకొచ్చాడు. మా ఆయన తలెత్తాడు. బోర్డును చూశాడు, నన్ను చూశాడు. ఆరేళ్ల తర్వాత నేను ఆయన్నే పిలిచానని అర్థం కావడానికి కాసేపు పట్టింది. చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

ఫోన్లు తీసుకుని, సంచి పట్టుకుని, గేటు బయట కల్వర్టు మీద కూర్చున్నాం. గిద్దలూరు నుంచి ఆటో రావడానికి గంట పడుతుందన్నారు. నేను ఈసారి ఎడమవైపు కూర్చున్నాను. ఎండ మాడ్చేస్తోంది. మనిషన్నవాడు కనుచూపు మేరలో లేడు. మామూలుగా మొదలుపెడితే ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇక సిగ్గొదిలేసి, గొంతు చీరుకుపోయేలా అరిచాను.

"ఆ రోజు నేనొక్కదాన్నే బస్సెక్కి పోయుండొచ్చు. మీరు నన్ను వద్దనలేదు. దుకాణం కోసం నేనే ఆగినాను. తప్పు నాది, మీది కాదు."

ఆయన చెయ్యి దించాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంకోసారి చెప్పు" అన్నాడు.

ఇంకా వినపడలేదా భగవంతుడా అని, ఊపిరి కూడదీసుకున్నాను.

"వినపడిందిలే," అన్నాడు. "ఇంకోసారి విందామని."

మళ్లీ మొదటి నుంచి చెప్పాను.