మెతోదీ రాసిన రూల్స్

ఎంటర్ నొక్కే ముందు జ్లాటినా చేతిని కీబోర్డు మీంచి తీసి పక్కనున్న యంత్రం నెత్తిన పెట్టేది. అరచెయ్యి ఆనించి కాసేపు అలా ఉంచేది, పిల్లాడికి జ్వరం చూసినట్టు. తర్వాత నొక్కేది. ఎందుకలా అని ఎవరైనా అడిగితే "వేడెక్కిందేమోనని" అనేది. వేడి ఎంతుందో తెర మీద కనపడుతూనే ఉంటుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరి ఆసుపత్రిలో ఆమె కంప్యూటర్ల మనిషి. నేలమాళిగలో లాండ్రీకీ మందుల గోదాముకీ మధ్య ఆమె గది. కిటికీ ఉంది గానీ అందులోంచి కనపడేవి పైన నడిచేవాళ్ల బూట్లే. బూట్లను బట్టి మనుషుల్ని పోల్చుకునేది. మొగుడు ఎప్పుడో వెళ్లిపోయాడు. పిల్లలు లేరు. చలికాలం ముందు ఎర్ర మిరపకాయలు కాల్చి, తొక్క తీసి, సీసాల్లో పెట్టుకునేది. వాటిలో సగం ఆసుపత్రి వాళ్లకే పంచేది. ఏళ్లు గడిచాయి. ఆమె గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, ఆ సోమవారం తప్ప.

ఆ పని ఆమెకు నేర్పింది మెతోదీ. ఆ గదిలో ఆమెకు ముందు ఉన్నవాడు. ఆసుపత్రి కంప్యూటర్లకి కాపలా కాసే ఫైర్‌వాల్‌కి మొదటి రూల్ రాసింది అతనే: బయటివాళ్లలో ఎవరు లోపలికి రావచ్చు, లోపలివాళ్లలో ఎవరు బయటికి పోవచ్చు. ప్రతి రూల్ పక్కనా ఓ మాట రాసుకునే చోటుంటుంది. మెతోదీ అక్కడ కారణం రాసి, కింద తన పేరు పెట్టేవాడు. "రేపు ఎవరికైనా అనుమానం వస్తే ఎవణ్ణి తిట్టాలో తెలియాలి కదే" అనేవాడు. జ్లాటినా కూడా అలాగే పేరు పెట్టడం నేర్చుకుంది.

మెతోదీ గుండె ఆగి పోయాడు. అతని రూల్స్ ఉండిపోయాయి.

ఆ ఊళ్లో చనిపోయినవాళ్ల ఫొటో వేసిన సంతాప కాగితం ఇంటి తలుపుకి అంటిస్తారు. నలభై రోజులకి ఒకటి, ఆరు నెలలకి ఒకటి, ఏడాదికి ఒకటి. కొత్తది పక్కన అంటిస్తారు తప్ప పాతది ఎవరూ చింపరు. వాన చింపాలి, గాలి చింపాలి. చేత్తో చింపేవాడు మనిషి కాదు. మెతోదీ రూల్స్‌ని జ్లాటినా అలాగే చూసింది. వాటిలో కొన్నిటికి పని లేదని ఆమెకు తెలుసు. ఒకటి పక్క పల్లెలోని క్లినిక్‌కి దారి ఇచ్చే రూల్. ఆ క్లినిక్ మూతపడింది, కిటికీలకు చెక్కలు కొట్టేశారు, ఆ పేరుతో ఇప్పుడు ఏ యంత్రమూ లేదు. ఆ రూల్ కనపడ్డ ప్రతిసారీ ఆమె కళ్లు దాన్ని దాటుకుని కింది వరసకి వెళ్లేవి.

ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ పాతబడిందనీ, కొత్తది పెట్టకపోతే ఆసుపత్రి బిల్లులు చెల్లించేది లేదనీ ప్రభుత్వ ఆరోగ్య నిధి వాళ్లు రాశారు. డైరెక్టరు డాక్టర్ కరాజొవ్ ఆమెను పైకి పిలిచాడు.

"ముందు వేరే యంత్రం మీద పెట్టి చూడాలండీ" అంది జ్లాటినా. "ఆదివారమైతే జనం తక్కువ. ఆ రోజు చేస్తాను."

"ఆదివారం నీకు రెట్టింపు జీతం ఎవరిస్తారు? సోమవారం పొద్దున చేసెయ్. కాఫీ తాగి వచ్చేలోపు అయిపోతుందని కంపెనీ వాళ్లే అన్నారు."

"వాళ్లు కాఫీ ఎక్కడ తాగుతారో మరి."

కరాజొవ్ నవ్వాడు. మంచివాడే. కానీ ఆదివారం ఇవ్వలేదు.

సోమవారం పొద్దున కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కింది. యంత్రం ఆగి మళ్లీ లేచింది. తెర మీద ఎర్రగా ఒక్క వాక్యం: రూల్స్ లోడ్ కాలేదు. రూల్స్ చదవలేకపోతే ఫైర్‌వాల్ ఎవరినీ నమ్మదు, అన్ని దారులూ మూసేస్తుంది. రిజిస్ట్రేషన్ కిటికీ దగ్గర తెర నిలిచిపోయింది. ల్యాబ్ రిపోర్టులు ఆగాయి. స్కాన్ బొమ్మలు సర్జన్ గదికి రావడం మానేశాయి. బల్లల మీది ఫోన్లూ అదే తీగ మీద నడిచేవి, అవీ మూగబోయాయి.

రిజిస్ట్రేషన్‌లో కూర్చునే త్సోంకా మెట్లు దిగి వచ్చింది.

"ఏమే జ్లాటినా, పైన పల్లెల నుంచి బస్సులు దిగిన జనమంతా నా కిటికీ పీకేసేట్టున్నారు. ఏమంటోంది నీ యంత్రం?"

"అలిగింది."

"అయితే మొగుణ్ణి బతిమాలినట్టు బతిమాలుకో."

"వాణ్ణి బతిమాలలేదు, పొమ్మన్నాను."

"చూశావా మరి. ఇదీ పోయింది."

జ్లాటినా నవ్వలేదు. ఎర్ర వాక్యం కింద చిన్న అక్షరాల్లో మెమరీ చాలలేదన్న మాట ఉంది. దాన్ని నమ్మింది. మెమరీ పెంచి యంత్రాన్ని ఆపి లేపింది. మళ్లీ అదే ఎరుపు. ఆ మాట వేరే చిన్న ఫిర్యాదు, దీనికి సంబంధం లేదు. ఒక్క రూల్ తప్పుగా ఉన్నా కొత్త సాఫ్ట్‌వేర్ మొత్తం కట్టనే పక్కన పడేస్తోందని అప్పుడు తోచింది. పాతది అలా కాదు, అర్థం కానిదాన్ని చూసీ చూడనట్టు వదిలేసేది.

ఇక ఒకటే దారి. రూల్స్‌ని కొన్ని కొన్నిగా తినిపించాలి. ఎక్కడ ఆగుతుందో అక్కడుంది తప్పు.

పాతవాటితో మొదలుపెట్టడమే న్యాయం. పాత సాఫ్ట్‌వేర్‌కి రాసినవే కొత్తదానికి ఎక్కకపోవచ్చు. ఆ మాట ఆమెకు తెలుసు, తోచింది కూడా. అయినా మెతోదీ పేరున్నవాటిని పక్కన పెట్టి, తన పేరున్నవాటితో మొదలుపెట్టింది. తప్పు తనదే అయ్యుంటుందని అనుకుంది. అలా అనుకోవాలని అనుకుంది. ఒక్కొక్కటే తీసింది, ఎక్కించింది, చూసింది, మళ్లీ తీసింది. అన్నీ ఎక్కాయి. పైన బూట్లు అటూ ఇటూ పరుగెత్తుతున్నాయి.

ఈలోగా ఒక పల్లెటూరి ఆవిడను కడుపునొప్పితో తీసుకొచ్చారు. స్కాన్ తీశారు గానీ బొమ్మ సర్జన్‌కి చేరలేదు. ఎంతసేపని చూస్తాం అని సర్జన్ ఆవిడను అంబులెన్సులో పక్క నగరానికి పంపించేశాడు. ఆ రోడ్డు గుంతలు అందరికీ తెలిసినవే. దారిలో అపెండిక్స్ పగిలింది.

జ్లాటినా చివరికి మెతోదీ రూల్స్ దగ్గరికి వచ్చింది. మూతపడ్డ క్లినిక్ పేరు తగిలిన చోటే ఆగిపోయింది. ఆ పేరు గల యంత్రం ఎక్కడుందో కొత్త సాఫ్ట్‌వేర్ వెతికింది, దొరకలేదు, మిగతావన్నీ కూడా వద్దంది. ఆ ఒక్క వరసనీ పక్కకి తప్పించింది. రూల్స్ లోడ్ అయ్యాయి. పైన ఎక్కడో ఫోను మోగింది.

ఆవిడ బతికింది. కొడుకు మాత్రం ఊరుకోలేదు. రేడియోలో మాట్లాడాడు, మంత్రిత్వ శాఖకి రాశాడు. కారణం రాసి సంతకంతో పంపమని పైనుంచి అడిగారు.

కరాజొవ్ ఆమెకు కుర్చీ చూపించాడు.

"కూర్చో జ్లాటినా. ఆ తప్పు రూల్ ఎవరు రాశారు?"

"మెతోదీ."

"ఎలా తెలుసు?"

"పేరుందండీ పక్కన."

"ఇంకేం మరి. అదే రాద్దాం."

"ఆయన రాసినప్పుడు అది తప్పు కాదు. ఆ క్లినిక్ అప్పుడు ఉంది."

"ఇప్పుడు లేదుగా."

"ఆదివారం చేస్తానని నేను అడిగాను."

ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. "అడిగావు. ఆ మాట రాస్తే నేను పోతాను. నీ పేరు రాస్తే నువ్వు పోతావు, నీ పని రాజధానిలో, సోఫియాలో ఉన్న కంపెనీకి పోతుంది. చచ్చినవాణ్ణి ఎవరు ఉద్యోగంలోంచి తీస్తారు చెప్పు? నాకూ ఆయనంటే ఇష్టమే. నా ఇంట్లో ప్రింటర్ పెట్టింది ఆయనే." కాగితం ఆమె ముందుకు జరిపాడు. "రేపటి లోపు ఇవ్వు."

తన రూల్స్ ముందు, మెతోదీవి తర్వాత చూశానని, ఆ వరస వల్లే పొద్దంతా పోయిందని ఆమె చెప్పలేదు. కరాజొవ్ కూడా అడగలేదు.

కాగితం మడిచి కిందికి దిగుతుంటే లాండ్రీ గుమ్మంలో దోబ్రింకా నిలబడి ఉంది. మెతోదీ భార్య. దుప్పట్ల బండి మీద ట్రే, ట్రేలో ప్లాస్టిక్ కప్పులు, కప్పుల్లో ఉడకబెట్టిన గోధుమలు, పైన పంచదార పొడి. మెతోదీ పోయిన తేదీ అది, ఏటా ఆ రోజు ఆయన పేరున పంచుతుంది.

"రా అమ్మాయ్, ఎక్కడ దాక్కున్నావు పొద్దున్నుంచీ? మీ గురువు పేరు మీద తినకుండా పోతావా?"

"దాక్కోలేదక్కా. పైకి పిలిచారు."

"తెలుసులే, సోమవారం గొడవేగా. ఊరంతా అదే మాట." దోబ్రింకా గొంతు తగ్గించింది, ముఖంలో ఓ మెరుపు. "మా ఆయనుంటే ఇలా జరగనిచ్చేవాడా, చెప్పు."

"జరగనిచ్చేవాడు కాదక్కా."

"అదే నేనూ అన్నాను, లాండ్రీలో అందరితో. ఆయన రాసినవాటికి ఇన్నేళ్లలో ఒక్కసారి మచ్చ వచ్చిందా అని. నువ్వు చెప్పావంటే నమ్ముతారు. వీళ్లకి నా మాట ఎక్కదు."

జ్లాటినా కప్పు తీసుకుంది. తీసుకునేటప్పుడు అనాల్సిన మాట అంది: "దేవుడు ఆయన్ని క్షమించాలి."

"క్షమించాలి" అంది దోబ్రింకా. "అవునూ, క్షమించడానికి ఏం చేశాడని?"

జ్లాటినా గదిలోకి వెళ్లి నిలబడే తిన్నది. పంచదార పళ్ల కింద కరకరలాడింది. కాగితం విప్పింది. "పూర్వ ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల" అని ముందే టైపు చేసి ఉంది, మెతోదీ పేరుతో సహా. సంతకం పెట్టింది. మెట్లెక్కి సెక్రటరీ బల్ల మీద ఉంచి, ఎవరి ముఖమూ చూడకుండా దిగి వచ్చింది.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చింది. రూల్స్ ఉన్న పేజీ తెరిచింది. ఒక్కో వరసకీ వెళ్లి, రూల్‌ని ముట్టుకోకుండా, పక్కనున్న కారణాన్ని ముట్టుకోకుండా, పేరు మాత్రం చెరిపింది. ముందు మెతోదీ పేరు. తర్వాత తన పేరు. ఎక్కడా ఎవరి పేరూ మిగల్లేదని పై నుంచి కిందిదాకా మరోసారి చూసుకుంది. లోడ్ చేసింది. ఎరుపు రాలేదు. పైన త్సోంకా కిటికీ తెరిచి మొదటి పేషెంటు పేరు పిలవడం వినపడింది.