పైకి చదివిన పేరు

అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు, ఒక మధ్యాహ్నం ఇద్దరం బొమ్మల ఎగ్జిబిషన్‌కి వెళ్ళాం. ఆస్ట్రేలియా ఆదివాసీ చిత్రకారుడొకాయన వేసిన ఎర్రటి కొండలు గోడల నిండా ఉన్నాయి. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, కంటపడ్డ అక్షరమల్లా పైకి చదివేస్తాను. బొమ్మ కింద అట్టమీదున్న ఆయన పేరూ అలాగే చదివేశాను.

పక్కనున్న నడివయసావిడ చప్పున చెవులు మూసుకుంది. ఆయన కూతురట, బొమ్మలతోపాటు వచ్చిందట.

"నాన్న పోయి ఏడాది కాలేదు. పేరు రాయడానికి ఒప్పుకున్నాం గానీ, పలకడానికి కాదు," అంది ఇంగ్లీషులో.

"అయ్యో, తెలీదమ్మా."

"బతికినన్నాళ్ళూ ఆ కొండలే గీశాడు, వాటిని దాటి ఎక్కడికీ పోలేదు. పిలిస్తే వస్తాడు. కానీ ఇది ఆయన నేల కాదు, తిరిగెళ్ళే దారి తెలీదు. పిలిచినవాళ్ళ వెంటే పోతాడు."

నవ్వబోయాను. ఆవిడ నన్ను చూడటం లేదు. నా భుజం వెనక్కి చూస్తోంది.

పార్కింగ్‌లోంచి కారు కదలగానే వెనక సీటు బెల్ట్ అలారం మోగింది.

"బ్యాగ్ వెనక పెట్టావా అమ్మా?" అంది మా అమ్మాయి.

బ్యాగ్ నా ఒళ్ళోనే ఉంది.