నల్ల గుండీ చొక్కా

ఆధార్ కార్డు మీద ఉన్నదాన్ని పున్నమ్మ ఫోటో అనదు. "అందులో ఉన్నదెవరో నాకే అనుమానమండీ" అంటుంది నాతో. సత్తెనపల్లి దగ్గర మా ఊరు. పెళ్లయి వచ్చిన నాటినుంచీ ఆమె మిరపకోతకు వెళుతూనే ఉంది. భర్త బుల్లయ్య పోయాక అతని నీలిగళ్ల చొక్కా చీర మీద తొడుక్కుని, ఘాటు తగలకుండా ముక్కుకీ మూతికీ తువ్వాలు చుట్టుకుని చేలో దిగుతుంది. కోతకెళ్లే ఆడవాళ్లందరి వేషమూ అదే. గట్టు మీద నిలబడి చూస్తే ఎవరు ఎవరో పోల్చుకోలేం.

కోతల ఫోటోలు తీసిన ఆరాధన కూడా పోల్చుకోలేకపోయింది. కిందటి కోతల్లో చాలా ఊళ్లు తిరిగింది ఆ అమ్మాయి. గుంటూరులో ఫోటోల పండగ మొదలయ్యే ముందు ఒక ఫోటో మా ఊరికి పంపి, "ఈమె ఎవరు? పేరు రాయాలి. మొదటిరోజు తనే వచ్చి బొమ్మ పక్కన నిలబడాలి" అని కబురు చేసింది. ఫోన్‌లో చూడగానే పున్నమ్మ "నా చొక్కా!" అని అరిచింది.

మూతబడ్డ ఒక జిన్నింగు మిల్లులో ఆ పండగ. 'సమకాలీన ఛాయాచిత్రోత్సవం' అని బోర్డు. ఒకప్పుడు పత్తి బేళ్లు పేర్చిన చోట మనిషికి రెండింతల ఎత్తున బొమ్మలు వేలాడుతున్నాయి. పున్నమ్మ వెంట ఆమెతో కోతకెళ్లే మాబూబీ, కోటేశ్వరి వచ్చారు. తోడుగా నేను.

"కళ్లు తప్ప ఏం కనపడట్లా. నేనే అయ్యుండొచ్చుగా?" అని కోటేశ్వరి పేచీ పెట్టింది.

"నీ మొహం! ముంజేతి కాడ చూడు. తెల్ల గుండీల్లో ఒక్కటే నల్లది. నేను కుట్టిందే అది."

ఆరాధన నవ్వి, బొమ్మ కింది ఖాళీ అట్టముక్క దగ్గర పెన్ను తీసింది. "మీ పూర్తి పేరు చెప్పండమ్మా."

పున్నమ్మ బొమ్మకు దగ్గరగా జరిగింది. అంత పెద్ద బొమ్మలో తన కళ్లు ఎలా ఉంటాయో చూడాలని దారిపొడుగునా ఆరాటపడ్డ మనిషి, కళ్లు వదిలేసి చేతులు చూస్తోంది.

"ఈవిడేంది, ఎడమచేత్తో కోస్తంది?" అంది మెల్లగా.

ముగ్గురిలో ఎడమచేతి వాటం మాబూబీది. పున్నమ్మ ఆమె వైపు తిరిగింది.

"నీ చొక్కా ఆరలేదంటే ఆ రోజు నాది ఇచ్చాగదే. చూడంగానే తెలిసుంటదిగా నీకు. నోట్లో ఏం పెట్టుకున్నావు?"

మాబూబీ కొంగు సర్దుకుంది. "బస్సెక్కిన కాణ్ణుంచి ఒకటే సంబరపడతంటివి. ఏం చెప్పేదక్కా? నీ పేరుంటే మాత్రం ఏమయిద్ది?"

"బాగుంది! నీ కళ్లు పట్టుకుని నాయని చెప్పుకోనా?"

ఇంతకుముందు పక్క సాల్లో ఎన్నిసార్లు చూసిందో ఆ కళ్లను. ఇప్పుడు తల వెనక్కి వాల్చి, కొత్తగా చూసింది. "తేనె రంగే మాబూబీ!" అంది.

ఆరాధన 'మాబూబీ' అని రాసింది. పున్నమ్మ అట్టముక్క మీదకు వంగింది.

"ఇంకా చోటుందిగా అమ్మా కింద?"

ఆమె చెప్పినట్టే ఆరాధన రెండో వరుస రాసింది: 'చొక్కా పున్నమ్మది.'

"గుండీ సంగతి కూడా రాయించుకో వదినా" అని కోటేశ్వరి పకపకా నవ్వింది.

పున్నమ్మ నవ్వలేదు. "రాస్తదంటావా?" అంది.