పిడి ఆనిన చోటు

పురానాపూల్ దగ్గర బండ్లు బాగుచేసే మా ఉస్తాద్‌కు ఒక అలవాటు. నడుస్తున్న ఇంజన్‌కు స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసేవాడు. ఎక్కడో దూరంగా పాట వింటున్నట్టుండేది ఆయన ముఖం. వెనక నుంచి పిలిస్తే మాత్రం పలకడు. పొగరనుకునేవాళ్లం.

పని నేర్చుకుంటానని వెళ్లిన రోజు, నేను తెచ్చిన మా నాన్న పాల బండినే స్టార్ట్ చేసి, స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు.

"ఏం ఖరాబైందో జెప్పు బేటీ."

ఆడపిల్లకు ఇదేం పనని పక్క దుకాణాల వాళ్లు చూస్తున్నారు. పిడిని చెవికి ఆనించాను. అంతా ఒకటే హోరు. తెలియలేదని తలూపాను.

ఆయన వేలితో పిడిని నా దవడ ఎముక మీదికి జరిపాడు.

"వినకు. నా చెవులు పోయి మస్తు దినాలైంది. వణుకు చూడు."

కళ్లు మూశాను. మెత్తగా పారుతున్న వణుకులో, అన్నంలో రాయిలా, ఒక గరుకు తగిలింది. ఇంజన్ పైభాగం చూపించాను.

ఆయన స్క్రూడ్రైవర్ నా దగ్గరే వదిలేసి చాయ్‌కి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఉస్తాద్ లేడు. సైదాబాద్‌లోని నా దుకాణంలో కళ్లు మూసిన ప్రతిసారీ, ముందుగా దవడకు తగిలేది ఆయన గ్రీజు వేలే.