మరకలన్నీ ఆయనవే

లాండ్రీ ముసలాయనకి ఒకటే పిచ్చి. తప్పు ఎవరిదైనా సరే, తనదే అనేవాడు. ఏం జరిగిందో కూడా వినకుండా కుర్చీలోంచి సగం లేచి, చేతులు జోడించి, "తప్పు నాదేనండీ" అనేసేవాడు. తడిసిపోయి షాపులోకి వచ్చినవాళ్ళు "ఛీ, ఏం వానండీ!" అన్నా అదే మాట.

కూతురికి ఆ మాట వింటే ఒళ్ళు మండేది. చిన్నప్పుడు బళ్ళో ఆ పిల్ల పక్కపిల్ల జుట్టు పీకితే టీచరు తండ్రిని పిలిపించింది.

"మీ అమ్మాయి జుట్టు పీకిందండీ."

"తప్పు నాదేనమ్మా."

"మీరు పీకారా?"

"పీకలేదు గానీ..."

టీచరుకి నవ్వాగలేదు. పిల్లకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పొద్దున్నే బాయిలరు వెలిగించే ముందు పనివాళ్ళందర్నీ నిలబెట్టి ప్రార్థన చేయించేవాడు. అదీ క్షమాపణే. "స్వామీ, నిన్నటి మరకలన్నీ నావే!" "ఈయన గొంతు వినగానే దేవుడు చెవులు మూసుకుంటాడు" అని ఇస్త్రీ బాబాయ్ గొణిగేవాడు. అందరూ కళ్ళు మూసుకునే నవ్వేవాళ్ళు.

కూతురు పెద్దదై షాపు పనిలోకి వచ్చాక గొడవ ముదిరింది.

"అన్నీ నీ నెత్తిన వేసుకుంటే పనివాళ్ళకి భయం ఎక్కడుంటుంది నాన్నా?"

"భయమెందుకమ్మా? పైవాడు నన్ను ముందు నిలబెట్టిందే దెబ్బ ముందు నాకు తగలాలని."

"అది పెద్దరికం కాదు, పిరికితనం."

ముసలాయన నోరు తెరిచాడు.

"అనకు!" అంది కూతురు.

అనలేదు పాపం. ఆ మాట మింగడానికి గ్లాసుడు మంచినీళ్ళు తాగాల్సొచ్చింది.

ఆ ఏడాదే జబ్బు పడ్డాడు. ఆసుపత్రిలో నరం దొరక్క నర్సు రెండు చేతులూ పొడిచింది. "తప్పు నాదే తల్లీ, నా నరాలు పుట్టుదొంగలు" అన్నాడు. నర్సు నవ్వింది. కూతురు మాత్రం మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

ఆ వారం దాటలేదు ఆయన.

అన్నీ అయిపోయాక ఇస్త్రీ బాబాయ్ వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"పెళ్ళికొడుకు కోటు కాలిపోయిన రోజు గుర్తుందామ్మా?"

"నాన్నే కాల్చానన్నాడుగా."

"కాల్చింది నేను. మా ఆవిడ పోయిన కొత్త. చెయ్యి ఇస్త్రీపెట్టె మీద, మనసు ఇంకెక్కడో. పెళ్ళివాళ్ళు మీదికొస్తుంటే మీ నాన్న అడ్డం నిలబడ్డాడు. వాళ్ళు వెళ్ళాక నన్ను లోపలికి తీసుకెళ్ళి, తలుపేసి, 'కోటు పోతే పోయింది. నీకేమైందిరా?' అన్నాడు. అప్పటిదాకా నేను ఏడవలేదమ్మా. ఆ గదిలోనే ఏడ్చాను." బాబాయ్ ముక్కు తుడుచుకున్నాడు. "తప్పు చేసిన ప్రతివాణ్ణీ అలాగే పిలిచేవాడు. బయట తిట్లు ఆయనకి, లోపల గోడు మాకు."

ఆమెకి తెలిసింది ముందుగది మాట ఒక్కటే. పిరికితనం అన్నాను కదా అనుకుంది. వెనక్కి తీసుకుందామంటే వినేందుకు మనిషి లేడు.

మళ్ళీ షాపు తెరిచిన కొన్నాళ్ళకి, మెషీన్ల దగ్గర పనిచేసే పిన్ని ఒకాయన తెల్లచొక్కాల్లో ఎర్రశాలువా కలిపి ఉతికేసింది. చొక్కాలన్నీ గులాబీరంగుకి తిరిగాయి.

"ఎవరు చేశారిది? ముందు వాళ్ళని పిలవండి!" అని చొక్కాలాయన కౌంటరు మీద గుద్దాడు. మెషీను వెనక పిన్ని బిక్కచచ్చిపోయింది.

పిన్ని పేరు కూతురి నాలిక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించింది.

"షాపు నాదండీ. ఏమనాలన్నా నన్నే అనండి."

ఆయన మొహమాటపడలేదు. అన్నీ అని, అలిసిపోయి వెళ్ళాడు. ఆమె పిన్నిని లోపలికి తీసుకెళ్ళి తలుపేసింది.

"చొక్కాల సంగతి సరే. నీకేమైంది పిన్నీ?"

"కళ్ళు కనబడ్డం లేదమ్మా, అంతా మసక. చెబితే పని మాన్పిస్తావేమోనని..."

డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళింది. శుక్లాలన్నారు, ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన రోజు పిన్ని ఆమెని ఎగాదిగా చూసింది.

"అయ్యో, ఇదేంటమ్మా, చిక్కి సగమయ్యావు! అసలు తింటున్నావా?"

తండ్రి పోయాక ఆమెని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అక్కడే ఆసుపత్రి బల్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. పిన్ని బెదిరిపోయి కేకేసింది.

"డాక్టరుగారూ, ఒకసారి ఇటు రండి! ఆపరేషన్ నాకు చేస్తే నీళ్ళు ఈ పిల్లకి కారుతున్నాయేంటి?"