జువ్వలదిన్నె ఐసు గదిలో గోడోళ్లు, నేలోళ్లు

జువ్వలదిన్నెలో సభ్యులే నడుపుకునే బొమ్మల గ్యాలరీ ఒకటి ఉందని చాలామందికి తెలియదు. తెలిసిన నేను కూడా ఎండ అనీ దూరమనీ సాకులు చెప్పుకుంటూ ఏళ్లు గడిపేశాను. పోయిన నెల ఆ గ్యాలరీ బాగోగులు చూసే సుధాకర్ అన్న ఫోన్ చేశాడు. "ప్రకాశం గారి గోడ చూడాలని ఉంటే ఈ శనివారమే రామ్మా. మీటింగు పెట్టినాం. తర్వాత ఆ గోడ ఉంటాదో లేదో నేను చెప్పలేను" అన్నాడు. ఆ గ్యాలరీ మొదలుపెట్టినవాళ్లలో ఒకరి బొమ్మ ఉన్న గోడ అది. ఇక నాకు ఇంట్లో కాలు నిలవలేదు.

నెల్లూరులో పొద్దున ప్యాసింజర్ ఎక్కితే గంటలోపే బిట్రగుంట. టికెట్టు రెండు టీల ఖర్చు, అంతే. స్టేషన్ బయట ఇడ్లీ తినేసి బయల్దేరండి, ఆ తర్వాత దారిలో పెద్దగా ఏమీ దొరకదు. ఆటో అతను నాలుగు వందలు అడిగి మూడు వందలకు దిగాడు. "బొమ్మల గదికా అక్కా? ఆడ ఏమీ అమ్మరు గదా, పోయి ఏం చేస్తారు?" అన్నాడు. చూస్తానన్నాను. "చూసేదానికి మూడు వందలా!" అని దారంతా నవ్వుతూనే ఉన్నాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ రోజుకు అదే ఆఖరి నవ్వని అప్పుడు తెలియదు.

గ్యాలరీ అంటే ఒకప్పుడు చేపలకు ఐసు నిలవ చేసిన గది. ఐసు వ్యాపారం మూతపడ్డాక, పడవల మీద పేర్లు రాసే ప్రకాశం గారు, ఇంకొందరు బొమ్మలేసేవాళ్లు కలిసి దాన్ని తీసుకున్నారు. చేరిన ప్రతి ఒక్కరికీ గోడలో కొంత భాగం ఇచ్చారు. అది జీవితాంతం వాళ్లదే, పోయాక కూడా వాళ్లదే. ఇంటివాళ్లు ఒప్పుకుంటే తప్ప ముట్టుకోకూడదు. అలా గోడలన్నీ నిండిపోయాయి. తర్వాత చేరినవాళ్లు బొమ్మల్ని కింద, గోడకు ఆనించి పెట్టుకోవాలి. అందుకే సభ్యుల్లో రెండు రకాలు: గోడోళ్లు, నేలోళ్లు. గోడోళ్లలో ఇప్పుడు సగం మంది లేరు. రోజూ తాళం తీసేది, ఊడ్చేది, వచ్చినవాళ్లకు చూపించేది నేలోళ్లే.

మీటింగు పదకొండుకు మొదలైంది. చేపలమ్ముకుంటూ బొమ్మలేసే లక్ష్మి లేచి తన బొమ్మను అందరికీ ఎత్తి చూపించింది. వలలు బాగుచేస్తున్న ఆడవాళ్ల బొమ్మ. నేల చెమ్మకు కింద జానెడు మేర బూజు పట్టి, వాళ్ల కాళ్లన్నీ నల్లగా కుళ్లిపోయాయి. "నాకు ఎవురి గోడా వద్దన్నా. గోడంటూ ఎవురికీ సొంతంగా ఉండకూడదు. నెలకొకరు పెట్టుకుంటాం. కుదరదంటే చెప్పండి, తాళాలు ఇచ్చేసి పోతాం" అంది. ఎత్తిన బొమ్మ దించలేదు, కూర్చోనూ లేదు. నేలోళ్లు పోతే గది మూతే, అది అందరికీ తెలుసు.

మిగతా గోడోళ్లూ, పోయినవాళ్ల ఇళ్లవాళ్లూ అప్పటికే ఒప్పుకున్నారు. తేలాల్సింది ప్రకాశం గారి గోడ ఒక్కటే. ఆయన భార్య ఎస్తేరమ్మ గారు ముందు వరుసలో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. గోడ మీద ఉన్నది ఆయన గుడ్డ మీద వేసిన ఆఖరి బొమ్మ: హార్బరు కట్టకముందు ఇసుక మీద వరసగా పడవలు, ఓ మూల వీపు తిప్పి నిలబడ్డ ఆడమనిషి. "అది నేనే. మొహం తర్వాత ఏస్తాలే అన్నాడు. ఆ తర్వాత దేవుడి దగ్గరికి పోయినాడు" అని నాతో చెప్పారామె. తర్వాత సుధాకర్ అన్న వైపు తిరిగి అడిగారు: "చింపకుండా తీసి నా చేతికిస్తావా అబ్బయా?"

"ఇస్తానక్కా. ఇంటికాడ తగిలించుకుందువు."

"అయితే తీయండి."

అక్కడే పొరపాటు జరిగింది. ఉప్పుగాలికి చట్రాలు నిలవడం లేదని, ప్రకాశం గారు ఆ గుడ్డను ఫైబర్ పడవలకు వాడే రెసిన్ జిగురుతో గోడకే అంటించేశారు. పడవలు చేసే ఊరు, రెసిన్ గట్టిపడితే ఇక ఊడి రాదని ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా ఆ రోజు ఒక్కరికీ తట్టలేదు. పైఅంచు పట్టి లాగగానే బొమ్మ సగానికి చిరిగింది. పడవలు చేతిలోకొచ్చాయి, ఆడమనిషి గోడ మీదే ఉండిపోయింది. సుధాకర్ అన్న ఆ ముక్క పట్టుకుని "అయ్యో, అయ్యో" అంటూ నిలబడిపోయాడు. లక్ష్మి ఏడ్చేసింది. "వద్దక్కా, ఆపేద్దాం. నేను కిందనే పెట్టుకుంటాలే" అంది.

"సగం బొమ్మ పెట్టుకుని నేనేం చేసుకోవాల? గీకేయండి" అన్నారు ఎస్తేరమ్మ గారు.

మిగిలిందాన్ని ఫొటో తీద్దామని నేను ఫోన్ ఎత్తాను. "వద్దులే అమ్మాయ్. నువ్వు పంపిస్తావు, నేను దాన్నే చూసుకుంటా కూర్చోవాల" అన్నారామె. అందుకే ఈ పోస్టులో ఫొటో లేదు. పడవల అడుగు గీకే ఉలి తెచ్చి గీకారు. పెచ్చులు రాలుతూనే ఉన్నాయి. ఆమె కుర్చీ కదపలేదు, కళ్లు తిప్పుకోలేదు. చూడలేక బయటికి వచ్చేసింది నేనే.

మళ్లీ లోపలికి వెళ్లేసరికి గోడ మీద గీతలు తప్ప ఏమీ లేవు. లక్ష్మి తన బొమ్మ పట్టుకుని ఆ గోడ దగ్గరికి పోలేక, ఇంటికీ పోలేక నిలబడి ఉంది. "పెట్టవే. ఉత్త గోడ నేను చూడలేను" అని కసిరారు ఎస్తేరమ్మ గారు. లక్ష్మి పెట్టింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మార్పును స్వాగతించాలని నేనూ చాలా చోట్ల తేలిగ్గా రాసేశాను. ఆ రోజు తిరుగు బండిలో కూర్చుంటే ఆ రాతలన్నీ తలుచుకుని ఒళ్లు మండింది. లక్ష్మి అడిగింది న్యాయమే. ఆ గది బతకాలంటే అదొక్కటే దారి. కానీ ఆ న్యాయం జరిగినంత మాత్రాన ఎస్తేరమ్మ గారికి పోయింది తిరిగి రాలేదు, రాదు కూడా. ఒకదానికి ఒకటి చెల్లు అని నన్ను నేను నమ్మించుకోవాలని చూశాను, నా వల్ల కాలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఆదివారం ప్రార్థన అయ్యాక వెళ్లండి, గది తెరిచే ఉంటుంది. ఇప్పుడు గోడోళ్ల ఇళ్లవాళ్లతో సహా అందరూ వంతులవారీగా గదిలో కూర్చుంటున్నారు, ఆదివారం వంతు ఎస్తేరమ్మ గారిది. ఏ బొమ్మ ఎవరిదని అడిగినా ఓపిగ్గా చెప్తారు. ఇదివరకు ఆ గోడ మీద ఏముండేదని మాత్రం అడగకండి, అది కూడా చెప్తారు.