మొదటి ముద్ద

ఇంట్లో నా మాట చెల్లదు కనుక బస్సుల్లో ప్రపంచానికి సలహాలిస్తుంటాను. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోతూ పేపర్లో ఉత్తర కొరియా వార్త చదివి, "పొరుగునున్న చైనా తిండీ చమురూ ఆపేస్తే సరి, అణుబాంబులు పక్కనపెట్టి వాళ్లే దారికొస్తారు" అని పైకే తేల్చేశాను.

పక్కసీటులో ఒక పెద్దామె ఒళ్లో టిఫిన్ డబ్బా సర్దుకుంది.

"మా తమ్ముడు గూడ గట్లనే సారూ. భూమి పంచాయితీల అందరితోని చెడి, పెట్రోలు డబ్బా పట్టుకొని మోటరు రూముల గడియ పెట్టుకున్నడు. దగ్గరికొస్తే అంటిస్తనంటడు. నా చేతి బువ్వొక్కటే కిటికీల నుంచి తీసుకుంటడు."

"మరి మీరు చెప్తే వినడా అక్కా?"

"అందరు గదే అంటరు. ఇయ్యాల దీంట్ల నిద్రగోలీలు కలపమన్నరు. కలిపితే రేపటి సంది నన్ను గూడ నమ్మడు."

"కలిపారా?"

ఆమె మూత తీసి, నా ముందే ఒక ముద్ద తిన్నది. "రోజూ ఆని ముంగట గిట్లనే తిని, మిగిలింది పెడత."

పేపరుతో పాటు నా సలహానూ మడిచేశాను. ఇప్పటిదాకా విప్పలేదు.

వేములపల్లిలో దిగబోతూ ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"గడియైతే ఇంకా తియ్యలే సారూ."